ఇద్దరు నాగరత్నాలు, ఒక కేసు షీటు

జబ్బు నయమైన నాగరత్నానికీ, జబ్బు తిరగబెట్టిన నాగరత్నానికీ కలిపి అప్పాయమ్మ ఒకే సంచీలో బట్టలు సర్దింది. ఇద్దరూ ఒకే మనిషి కాబట్టి ఒక సంచీ చాలని ఆస్పత్రి నుంచి వచ్చిన కాగితంలో ఉంది. కానీ ఒళ్లు తుడుచుకునేటప్పుడు ఇద్దరవుతారు కదా అని ఆవిడ రెండు తువ్వాళ్లు పెట్టింది. నాలుగు నైటీలు, రెండు దుప్పట్లు, ఫ్లాస్కు, గ్లాసులు, నిమ్మకాయ పచ్చడి డబ్బా పెట్టింది. పచ్చడి నయమైన నాగరత్నానికి. తిరగబెట్టిన నాగరత్నానికి నోరు చేదు, ఏదీ సహించదు. రిపోర్టుల కవరు అడుగున పెట్టి, మళ్లీ తీసి పైన పెట్టి, చివరికి మళ్లీ అడుగునే పెట్టింది.

నాగరత్నం అప్పాయమ్మకి చెల్లెలు. యాభై తొమ్మిదేళ్లు. సామర్లకోటలో రైలు గేటు దగ్గర జాకెట్లు కుడుతుంది. అక్కచెల్లెళ్లిద్దరికీ మొగుళ్లు పోయాక ఒకే వాటాలో ఉంటున్నారు. రెండేళ్ల కిందట నాగరత్నానికి మెడలోనూ చంకల్లోనూ గడ్డలు లేచాయి. అది లింఫోమా, గ్రంథులకి వచ్చే కాన్సరు అన్నారు. పట్నంలో పెద్దాస్పత్రివాళ్లు వారానికొకటి చొప్పున నాలుగు వారాలు యాంటీబాడీ మందు ఎక్కించారు. గడ్డలు కరిగిపోయాయి. నయమైన నాగరత్నాన్ని స్టాంపు వేసిన కాగితంతో ఇంటికి పంపారు. పందొమ్మిది నెలలు ఆవిడ జాకెట్లు కుట్టింది, కుళాయి దగ్గర గొడవలు పడింది, పండగలకి రెండు రకాల పిండివంటలు చేసింది.

ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున్న అప్పాయమ్మ లేచేసరికి మంచం మీద ఇద్దరున్నారు. గోడవైపున ఒకామె ఎప్పటిలాగే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇవతలి వైపున ఇంకొకామె చెమటకి తడిసిపోయి, దవడ కింద వేళ్లతో తడుముకుంటోంది.

"మళ్లీ వచ్చిందే అక్కా" అంది ఇవతలామె.

వచ్చింది గడ్డా, నువ్వా అని అడగబోయి అప్పాయమ్మ ఊరుకుంది.

ఆ వీధిలో దీన్నెవరూ వింతగా చూడలేదు. జబ్బు తిరగబెడితే జబ్బుమనిషి తిరిగి వస్తుంది, నయమైన మనిషి ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది. పాలవాడు చెప్పకుండానే ఇంకో ప్యాకెట్టు వేసి వెళ్లాడు. పక్కవాటా మంగతాయారు గోడ మీంచి తొంగిచూసి, "మీకూ రెండో మనిషి వచ్చిందంటగా పిన్నిగారూ, మంచం సరిపోతోందా?" అని అడిగి, తమ మడత మంచం ఇచ్చింది.

ఇంట్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఒకామె ఫ్యాను వేస్తే ఒకామె ఆపేది. నయమైన నాగరత్నం వేపుడు పోపు పెడితే, తిరగబెట్టిన నాగరత్నం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి పోయేది. ఇద్దరూ ఒకే పేరుకి పలికేవారు, లేకపోతే ఇద్దరూ పలికేవారు కాదు. అప్పాయమ్మకి నయమైనామె వండుతుంటే వంటింటి గుమ్మంలో కూర్చోవాలనిపించేది. తిరగబెట్టినామె మూలిగితే బియ్యంలో రాళ్లు ఏరడం గుర్తొచ్చేది. ఇది తప్పని ఆవిడకి తెలుసు. తెలిసి కూడా రాళ్లు ఏరేది.

మే నెలాఖరున ఆస్పత్రి కాగితం వచ్చింది. "మొదటి చికిత్స తరువాత ఆరు నెలలకు పైగా నయమై ఉన్నవారికి అదే మందు మరల ఇవ్వబడును. నయమైనందుకు రుజువుగా నయమైన మనిషిని స్వయముగా తీసుకొనిరావలెను. జిరాక్సు చెల్లదు." అప్పాయమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. ఐదో తరగతితో బడి మానేసినా ఆవిడ పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివే మనిషి. మొదటిసారి ఆస్పత్రిలో ఇచ్చిన చిన్న పుస్తకం కూడా ఆవిడకి కంఠతా వచ్చు. జబ్బు కణాల ఒంటి మీద ఒక గుర్తు ఉంటుంది. మందు ఆ గుర్తు చూసి పట్టుకుంటుంది. మంచి కణాల్లోనూ కొన్నిటికి అదే గుర్తు ఉంటుంది, అవీ పోతాయి. కొన్ని నెలల్లో మళ్లీ పుడతాయి. ఈ ఆఖరి వాక్యం దగ్గర ఆవిడ ప్రతిసారీ ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివేది.

ఎవరైనా గడప దాటుతున్నారంటే అప్పాయమ్మకి గుండె దడ. భర్త బెల్లం తెస్తానని కొట్టుకి వెళ్లి, కొట్టు బల్ల మీదే ఒరిగిపోయాడు. తమ్ముడు ఒక మేస్త్రీ వెంట పనికి వెళ్లి తిరిగి రాలేదు, ఆ మేస్త్రీ పేరేమిటో కూడా చెప్పలేదు. అప్పట్నుంచీ ఆవిడ ఇంట్లోంచి వెళ్లేవాళ్లని లెక్కపెట్టి పంపుతుంది. సోమవారం పొద్దున్న తాళం వేస్తూ గట్టిగానే అంది: "ముగ్గురం వెళ్తున్నాం. ముగ్గురం రావాలి."

"వస్తాంలేవే" అంది నయమైన నాగరత్నం.

"నా సంగతి చెప్పలేను" అంది తిరగబెట్టిన నాగరత్నం.

రైల్లో టీసీ టిక్కెట్లు చూశాడు.

"ఆధార్ ఒక్కటే ఉందేంటమ్మా? మనుషులిద్దరున్నారు."

"ఇద్దరూ ఒకళ్లే బాబూ. తిరగబెట్టింది" అంది అప్పాయమ్మ.

"ఓహో. అయితే ఒక సీట్లో సర్దుకోండి" అని టిక్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఒక సీట్లో ఇరుక్కున్నారు.

"కాస్త అటు జరుగు."

"ఎక్కడికి జరగను, కిటికీలోంచి దూకనా? పుల్లలా ఉన్నావు, నీకెంత చోటు కావాలి?"

"ఆ కండ ఎక్కడిదనుకున్నావు? నాది కాదూ?"

"నీదే. పందొమ్మిది నెలలు అద్దెకి తీసుకున్నాను. సరేనా?"

"మొదలెట్టారా మహాతల్లులూ" అంది అప్పాయమ్మ. "ఎదురుగా మనుషులున్నారు."

ఎదురుగా ఉన్నది తునిలో ఎక్కిన ఒకావిడ. పక్కన వాళ్లాయన, చెవుల మీదికి మఫ్లరు చుట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆవిడ ఇద్దరు నాగరత్నాలనీ చూసి సానుభూతిగా తలాడించింది.

"మీకు ఒకసారే తిరగబెట్టినట్టుందండి. మా ఆయనకి మూడుసార్లు. ముగ్గురు నయమైనవాళ్లు, ఒక జబ్బుమనిషి. నలుగురు మగాళ్లకి వండి వడ్డించేదాన్ని. ఒకటి మాత్రం చెప్పాలండి, పేకాటకి బయటికి పోయేవారు కాదు."

"ఇప్పుడు మిగతావాళ్లేరీ?"

"ఆస్పత్రిలోనే ఉన్నారండి. బాగున్నారంట" అని ఆవిడ జంతికల డబ్బా మూత తీసి ముగ్గురి ముందూ పెట్టింది. అప్పాయమ్మ ఇంకేదో అడగాలనుకుంది. నోట్లో జంతిక ఉండిపోయి అడగలేకపోయింది.

ఆస్పత్రిలో ధ్రువీకరణ కౌంటరు దగ్గర గవర్రాజు అనే గుమాస్తా ఉన్నాడు. మర్యాదస్తుడు. వచ్చినవాళ్లని కూర్చోమనేవాడు, కుర్చీలు లేకపోయినా.

"వీళ్లలో ఒరిజినల్ ఎవరమ్మా?"

"నేను" అన్నారిద్దరూ.

"జబ్బు మొదట్నుంచీ నాలోనే ఉందండి" అంది తిరగబెట్టిన నాగరత్నం. "అది దాక్కుంటే దాంతోపాటు నేనూ దాక్కున్నాను. ఇది మధ్యలో వచ్చింది."

"స్టాంపు వేసి పంపింది నన్ను" అంది నయమైన నాగరత్నం. "దాన్ని ఎవరు పంపారో కనుక్కోండి."

గవర్రాజు అక్కని చూశాడు. అప్పాయమ్మ ఇద్దరినీ చూసింది. నయమైనామె అనడానికి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే రెండో ఆమె జిరాక్సు అయిపోతుంది, జిరాక్సుకి మందు ఇవ్వరు.

"నాకు తెలీదు బాబూ. ఇద్దరూ మా నాగూనే."

"పర్లేదు, రాసుకుందాం. స్టాంపున్నావిడ రుజువు. స్టాంపు లేనావిడ పేషెంటు. పేషెంటు మంచం మీద, రుజువు స్టూలు మీద. మీరు అటెండెంటు, అద్దం బయట. కేసు షీటు మాత్రం ఒకటే." అతను రెండు మణికట్లకీ ప్లాస్టిక్ పట్టీలు కట్టాడు. ఒకదాని మీద నెంబరు ఉంది. రెండోదాని మీద "జతపరచడమైనది" అని ఉంది.

మంగళవారం పొద్దున్న మొదటి డోసు. సిస్టర్ ఎస్తేరు పేషెంటుకి జ్వరం బిళ్ల వేసి, అలర్జీ రాకుండా ఇంజెక్షను చేసి, మందు సీసా తగిలించింది. మొదటిసారి చాలా నెమ్మదిగా ఎక్కించాలి, అరగంటకోసారి కొంచెం కొంచెం పెంచాలి. మందు ఇదివరకు ఎవరిని నయం చేసిందో ఆ మనిషి పక్కనే కనబడుతూ ఉండాలని నియమం. అందుకని నయమైన నాగరత్నం స్టూలు మీద కూర్చుని, తిరగబెట్టిన నాగరత్నం చెయ్యి పట్టుకుంది. ఇంట్లో నాలుగు నెలల్లో ఒకళ్లనొకళ్లు ముట్టుకోవడం అదే మొదటిసారి.

రెండో గంటలో వణుకు వచ్చింది. మంచం మీదామెకి కాదు, స్టూలు మీదామెకి. పళ్లు టకటకమన్నాయి. ఎస్తేరు పరుగెత్తుకొచ్చి మందు ఆపి, ఇద్దరికీ బీపీ చూసి, షీటులో రాసింది: పేషెంటుకి వణుకు లేదు, రుజువుకి తీవ్రంగా ఉంది, సగటున కొద్దిపాటి వణుకు. కొద్దిపాటి వణుకు మామూలే కాబట్టి అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టింది.

"నీకెందుకొచ్చిందే చలి?" అంది మంచం మీదామె.

"నీ బదులు పడుతున్నాను. రాసిపెట్టుకో."

"దుప్పటి తీసుకో అయితే. నాకు ఉక్కగా ఉంది."

రెండో వారం, మూడో వారం కూడా అలాగే జరిగింది. ప్రతి సోమవారం సంచీ, ప్రతి మంగళవారం స్టూలు, బుధవారం తిరుగు రైలు. తిరగబెట్టిన నాగరత్నం మెడలో గడ్డలు ఉసిరికాయంతవి రేగిపండంత అయ్యాయి. చెమటలు తగ్గాయి. ఒకరోజు తనంతట తనే అన్నం అడిగింది. అదే రోజు నయమైన నాగరత్నం సూదిలో దారం ఎక్కించలేక కుట్టుమిషను మూసేసింది. నిమ్మకాయ పచ్చడి చేదుగా ఉందంది.

అసలే భయస్తురాలైన అప్పాయమ్మకి ఇక్కణ్ణుంచి అంతా కలగాపులగం అయిపోయింది. ఎవరికి బిళ్ల వేసిందో ఎవరికి వెయ్యలేదో గుర్తుండేది కాదు. జూన్ నెలాఖరు ఆదివారం నయమైనామె అనుకుని ఒకామె తల దువ్వుతూ, "అదెలా ఉందో చూశావా, మనిషి తేలికపడింది" అని చెప్పుకొచ్చింది.

"నేనేనే అది" అంది ఆమె. అని నవ్వింది. తిరిగొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. "అక్కకి మనిద్దరం ఒకటే అయిపోయామే" అని లోపలికి కేకేసింది.

లోపల పడుకున్నామె గోడవైపుకి ఒత్తిగిలింది.

జూలై ఒకటో తారీకు మంగళవారం నాలుగో డోసు, ఆఖరిది. అద్దం బయట నిలబడ్డ అప్పాయమ్మకి స్టూలు మీదామె భుజాలు ముందుకి వాలిపోవడం కనిపించింది. ఒక చేత్తో మంచం మీదామె చెయ్యి పట్టుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుంది. పక్కనే పదిహేడో నెంబరు మంచం ఖాళీగా ఉంది. ఉతికిన దుప్పటి పరిచి ఉంది. అప్పాయమ్మ జీవితంలో ఏ కౌంటరు దగ్గరా ఏదీ అడిగి ఎరగదు. ఆ వేళ అద్దం మీద వేలితో కొట్టి ఎస్తేరుని పిలిచింది.

"అమ్మా ఎస్తేరూ, ఆరు గంటలు ఆ స్టూలు మీద ఎలా కూర్చుంటుందమ్మా? పక్క మంచం ఖాళీగానే ఉందిగా."

"మంచం ఎక్కితే ఎంట్రీ చెయ్యాలి పెద్దమ్మా."

"చెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది. కాసేపు నడుం వాలుస్తుంది."

ఎస్తేరు జాలిగుండె మనిషి. అప్పటికప్పుడు ఎంట్రీ చేసింది. అడిగిన వెంటనే పని జరగడం అప్పాయమ్మకి ఎంత సంబరమైందంటే, అద్దం దాటి లోపలికి వెళ్లి, తనే చెల్లెలి కాళ్లు పైకి ఎత్తి, దుప్పటి కప్పింది. రెండు మంచాల మధ్యా చేతులు అలాగే పట్టుకుని ఇద్దరూ నిద్రపోయారు. ఇద్దరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి.

మధ్యాహ్నం సీసా ఖాళీ అయ్యాక డాక్టర్ నిఖత్ వచ్చింది. ఇద్దరి మెడలూ వేళ్లతో నొక్కి చూసింది. ఒక మెడలో గడ్డలు చిన్నవి ఉన్నాయి, ఒక మెడలో ఏమీ లేవు. కలిపి భాగించి, "సగానికి సగం తగ్గింది. మందు పనిచేస్తోంది" అంది. "స్కాను తర్వాత తీద్దాం. ఇకనుంచి రెండు నెలలకోసారి ఇదే ఎక్కిస్తూ ఉందాం."

"ఎన్నాళ్లు డాక్టరమ్మా?"

"పనిచేసినన్నాళ్లు."

"పనిచెయ్యకపోతే?"

"అప్పుడు వేరేది చూద్దాం" అని ఆవిడ నవ్వింది. మంచి నవ్వు. అప్పాయమ్మకి ధైర్యంగానూ భయంగానూ ఒకేసారి అనిపించింది.

గవర్రాజు కౌంటరు దగ్గర ఒక డిశ్చార్జి కాగితం ఇచ్చాడు.

"రెండోది బాబూ?"

"రెండోది ఎవరిదమ్మా?"

"పదిహేడో నెంబరు మంచం. మా చెల్లెలే."

గవర్రాజు పుస్తకం తిప్పాడు. "ఆ, ఎంట్రీ ఉంది. కాగితంలో మొదటి గడి జబ్బు పేరు. ఆవిడకి ఏం రాయమంటారు?"

"ఏ జబ్బూ లేదు నాయనా. నయమైపోయింది కదా."

"జబ్బు లేనివాళ్లకి డిశ్చార్జి ఉండదమ్మా. జబ్బు తగ్గితే డిశ్చార్జి. తగ్గాలంటే ముందు ఉండాలి."

"మొదటిసారి పంపారుగా దాన్ని?"

"అప్పుడు ఉంది. తగ్గింది. పంపాం."

"లేనప్పుడు ఎందుకు చేర్చుకున్నారు మరి?"

"చేర్చుకోడానికి మంచం ఖాళీ ఉంటే చాలమ్మా" అని అతను పుస్తకం ఇటు తిప్పి వేలు పెట్టి చూపించాడు. ఎస్తేరు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "అక్కగారి కోరికపై."

అప్పాయమ్మ ఆ రెండు మాటలూ చదివింది. మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని చదివినా అవే ఉన్నాయి.

"నా జబ్బు రాసెయ్యండి" అంది తిరగబెట్టిన నాగరత్నం, వెనకనుంచి. "మేమిద్దరం ఒకటేగా."

గవర్రాజు నిజంగానే ఆలోచించాడు. లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు. "కుదరదమ్మా. మీకు మిగిలిన సగం మీ షీటులో ఎక్కించేశాం. ఒక జబ్బు రెండు చోట్ల చూపించకూడదు."

"పోనీ నేనుంటాను. దాన్ని పంపండి."

"మీకు డిశ్చార్జి అయిపోయింది కదమ్మా. డిశ్చార్జి అయినవాళ్లు లోపల ఉండకూడదు. మీ మంచం ఇంకొకరికి ఇచ్చేశాం."

డాక్టరమ్మని పిలిచారు. ఆవిడ పదిహేడో నెంబరు దగ్గరికి వెళ్లి, మెడ, చంకలు, పొట్ట అన్నీ శ్రద్ధగా చూసింది. ఏదైనా దొరుకుతుందేమోనని అప్పాయమ్మ ఆ వేళ్లకేసే చూసింది. చెల్లెలి ఒంట్లో ఒక గడ్డ, శనగగింజంతదైనా సరే, దొరకాలని మొక్కుకున్న అక్క ఆవిడ ఒక్కతే అయి ఉంటుంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి, "ఏ లోపమూ లేదు. అభినందనలు" అంది.

నయమైన నాగరత్నాన్ని మూడో అంతస్తులో నయమైనవారి వార్డుకి మార్చారు. చూసి రావడానికి అప్పాయమ్మకి పది నిమిషాలిచ్చారు. పెద్ద హాలు. వెలుతురు బాగుంది. నలభై యాభై మంది శుభ్రంగా తల దువ్వుకుని, సంచీలు కాళ్ల దగ్గర పెట్టుకుని, మంచాల మీద కూర్చుని ఉన్నారు. అందరి బుగ్గల్లోనూ రక్తం ఉంది. ఎవరూ దగ్గడం లేదు. ఒక మూల ఒకే పోలికతో ఉన్న ముగ్గురు మగవాళ్లు పేకముక్కలు కలుపుతూ, "నాలుగో చెయ్యి ఉంటే బాగుండునండి" అన్నారు వచ్చినవాళ్లతో. వాళ్లు తునావిడ మొగుళ్లని అప్పాయమ్మకి అర్థమైంది. వాళ్లావిడని పొద్దున్న కింద చూశానని చెబితే, "ఉంటుందండి" అని ముక్కలు పంచుకున్నారు.

"నిన్ను తీసుకెళ్లడానికే వచ్చానే నాగూ" అంది అప్పాయమ్మ. "మంచం అడిగింది నేనే."

"తెలుసులే. నడుం నొప్పి నిజంగానే తగ్గింది."

"దేవుడా, ఆ నోరు పడిపోయినా బాగుండేది నాకు."

"ఏడవకు. చూస్తున్నారు. ఇక్కడ కుళాయి దగ్గర గొడవే లేదంట, నాకు పొద్దెలా పోతుందో. దానికి చారు పల్చగా పెట్టు. నాకు పెట్టినట్టు మిరియాలు దంచి పొయ్యకు" అంది.

"సరే."

"ఇంకోటి. నువ్వు దాని మొహంకేసి చూడవు. బియ్యం ఏరుతూ కూర్చుంటావు. నాకు తెలుసు, దానికీ తెలుసు."

పది నిమిషాలయ్యాయని ఆయా వచ్చి చెప్పింది. సంచీ ఒకటే కాబట్టి, అప్పాయమ్మ అందులోంచి ఒక తువ్వాలు, రెండు నైటీలు తీసి మంచం మీద పెట్టి వచ్చేసింది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగితే, చెల్లెలు ఆ తువ్వాలు మడత సరిచేసుకుంటోంది.

తిరుగు రైల్లో టీసీ ఏమీ అడగలేదు. ఒక ఆధార్, ఒక మనిషి. సీటు ఖాళీగా, వెడల్పుగా ఉంది.

ప్రయాణమైన మనిషి చేరినట్టు తెలిసేదాకా ఇల్లు ఊడవకూడదని అప్పాయమ్మ నమ్మకం. ఆవిడ చీపురు ముట్టుకోలేదు. మూడు రోజులయ్యాయి, ఐదు రోజులయ్యాయి, పది రోజులయ్యాయి. జాకెట్ల కత్తిరింపు ముక్కలు, కరివేపాకు ఈనెలు, మంగతాయారు గారి పిల్లి బొచ్చు నడవలో పోగుపడ్డాయి. పదకొండో రోజు పొద్దున్న అప్పాయమ్మ లేచేసరికి చీపురు చప్పుడు వినిపించింది. తిరగబెట్టిన నాగరత్నం ఒక చెయ్యి గోడకి ఆనించి, ఆగి ఆగి, నడవ ఊడుస్తోంది.

"అదింకా చేరలేదే!" అంది అప్పాయమ్మ.

"నేను చేరాను కదే అక్కా" అంది ఆమె. చీపురు ఆపలేదు.

అప్పాయమ్మ అప్పుడు ఆమె మొహం చూసింది. దవడ కింద కొంచెం ఉబ్బు ఉంది. కళ్ల కింద నలుపుంది. ముక్కు మీద చిన్నప్పుడు గచ్చు మీద పడ్డ మచ్చ ఉంది. ఇన్నాళ్లూ ఆ మచ్చ నయమైనామెకే ఉందనుకుంది. చేట తెచ్చి చెత్త ఎత్తింది.

సెప్టెంబరులో మందుకి వెళ్లినప్పుడు అప్పాయమ్మ మూడో అంతస్తుకి వెళ్తానంది. పైకి వెళ్లాలంటే అటెండెంటు పాసు కావాలి, పాసుకి పేషెంటు నెంబరు కావాలి, నయమైనవాళ్లు పేషెంట్లు కారు. "బెంగ పెట్టుకోకండమ్మా, బాగున్నారు. ఆ వార్డు నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు" అన్నాడు గవర్రాజు. ఈసారి రుజువు అడగలేదు. ఒకసారి తీసుకున్న రుజువు మళ్లీ మళ్లీ అక్కర్లేదట. నవంబరులో మూడో అంతస్తులో పిల్లల వార్డు పెట్టారు. నయమైనవాళ్లని వేరే భవనంలోకి మార్చారు. ఏ భవనమో రికార్డుల గదిలో తెలుస్తుందన్నారు, రికార్డుల గది వేరే భవనంలో ఉందన్నారు. జనవరిలో గవర్రాజుకి బదిలీ అయ్యింది. కొత్తగా వచ్చిన అమ్మాయి కంప్యూటరులో పేరు కొట్టి చూసి, "నాగరత్నం గారు ఒక్కరే ఉన్నారండి. మీ పక్కనే ఉన్నారుగా?" అంది.

అప్పాయమ్మ పక్కకి చూసింది. ఉంది.

పాలవాడు ఒక ప్యాకెట్టే వేస్తున్నాడు. మడత మంచం మంగతాయారుకి తిరిగి ఇచ్చేశారు. వాళ్ల ఆడపడుచుకి తిరగబెట్టింది. నాగరత్నం వారానికి రెండు జాకెట్లు కుడుతోంది, మధ్యమధ్య పడుకుంటుంది, రెండు నెలలకోసారి వెళ్లి మందు ఎక్కించుకుని వస్తుంది. గడ్డలు పెరగలేదు, పోలేదు. ఎలా ఉందని వీధిలో ఎవరడిగినా అప్పాయమ్మ "ఫర్వాలేదండి" అంటుంది. అడిగినవాళ్లు కూడా తమ ఇంట్లోవాళ్ల గురించి అదే మాట అంటారు. బాగుందని ఆ వీధిలో ఎవరూ అనడం లేదు, అనాలని ఎవరూ అడగడమూ లేదు. ఇంట్లో చారు పల్చగానే పెడుతున్నారు. అప్పాయమ్మకి అదే అలవాటైంది.

నయమైన నాగరత్నం తిరిగి రాలేదు. ఆవిణ్ణి ఆఖరిసారి చూసింది జూలై ఒకటి, మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావుకి.